మాకు సంఘం దొరికే దాకా

జూన్ 9, ఆదివారం

కోయంబత్తూరు వచ్చాక తొలి ఆదివారం. పొద్దున్నే తయారై, బైబిళ్లు చేతపట్టుకుని నేను, మా ఆయన, మా అమ్మాయి జెనిషా ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. ఎటు వెళ్లాలో ఎవరికీ తెలియదు.

మార్తాండం పక్కన మా ఊళ్లో ఈ బాధ లేదు. చర్చిని ఎంచుకోవడం అనే మాటే అక్కడ ఎవరూ వినలేదు. గంట మోగితే వెళ్లడమే. బాప్తిస్మం అక్కడే, పెళ్లి అక్కడే, నాన్న సమాధి దాని వెనకే. ఇక్కడ మా వీధి చివర నిలబడితే నాలుగు శిలువలు కనిపిస్తున్నాయి. ఒకదాని చుట్టూ నీలం లైట్లు కూడా.

దగ్గర్లో ఉన్నదానికి వెళ్లాం. పాస్టరు ఒక వచనం చదివి, బైబిలు మూసి, తన సింగపూర్ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెట్టారు. మూసిన బైబిలు మళ్లీ తెరుస్తారేమోనని చూస్తూనే ఉన్నాను. తెరవలేదు.

మా నాన్న ఊళ్లో చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేశారు. అన్నంలో రాయి తగిలినట్టు ప్రసంగంలో తేడా నాకు పంటికి తగులుతుంది. ఇది గర్వమే. ఉండనీ.

జూన్ 12, బుధవారం

మా ఆయనకు కొత్త ఆఫీసులో కొత్త పేరు వచ్చింది.

ఆయన మగ్గం యంత్రాలకు డ్రాయింగులు వేస్తారు. మా వైపు ఉన్న బ్రాంచి ఎత్తేసి అందరినీ ఇక్కడికి పంపారు. మొదటి రోజు ఒక్కొక్కరినీ లేచి పేరు చెప్పమన్నారట. ఆయనకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. సొంత పేరు దగ్గరే ఎక్కువ తగులుకుంటారు. "క్రి... క్రి..." అంటుండగానే ఎవరో జాలిపడి, క్రిస్టఫరా అని పూర్తి చేశారట. ఆయన తల ఊపేశారు. అప్పటి నుంచి ఆఫీసులో క్రిస్తుదాస్ లేడు, క్రిస్టఫర్ ఉన్నాడు.

నవ్వుతూనే చెప్పారు. జెనిషా పడీపడీ నవ్వింది. నేను ఆవిరి మీద ఉడికించే పుట్టు కోసం బియ్యప్పిండి తడుపుతూ వింటున్నాను. నాకు నవ్వు రాలేదు.

జూన్ 16, ఆదివారం

రెండో చర్చి. పాత కట్టడం, మంచి ఆర్గన్. గురువుగారు చాలా చదువుకున్న మనిషి. తీయగా మాట్లాడారు. యేసు సమాధిలోంచి లేవడమంటే శిష్యుల గుండెల్లో ఆశ మేలుకోవడమేనని చెప్పారు. అంతే సుమా, అంతకు మించి ఏమీ జరగలేదు అన్నట్టు.

తిరిగి వస్తూ జెనిషా అడిగింది, అన్నింటికీ వంక పెడితే మనం ఇంక ఇంట్లోనే కూర్చోవాలా అని. పదహారేళ్ల పిల్ల, బస్సులో అందరూ వినేలా అడిగింది. ఆర్గన్ నచ్చలేదనో, కుర్చీలు గట్టిగా ఉన్నాయనో నేను వంక పెట్టలేదన్నాను. ప్రభువు నిజంగా చనిపోయి నిజంగా లేచాడని చెప్పలేని చోట, రేపు మన ఇంట్లో ఒకరు పోతే ఏం చెప్పి ఓదారుస్తారు? అది అడిగాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆయన మాత్రం నా చెయ్యి మీద చెయ్యి వేశారు.

జూన్ 23, ఆదివారం. మధ్యాహ్నం

ఇంటికి రాగానే రాస్తున్నాను.

ఆయన ఆఫీసులో విక్టర్ అన్న ఉన్నారు. మంచి మనిషి. ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. తన చర్చికి రమ్మని బలవంతం చేశారు. పెద్ద చర్చి అది. సినిమా హాలంత ఉంది. స్క్రీన్లు, డ్రమ్స్, పార్కింగులో ఈలలు వేసే కుర్రాళ్లు. జెనిషా మొహం వెలిగిపోయింది. ఆరాధన అయ్యేలోపే కీబోర్డు వాయించే అమ్మాయితో స్నేహం కలిపేసింది.

పాస్టర్ రెజినాల్డ్ ప్రసంగం మధ్యలో ఆగి, ఇక్కడ నాలుక కట్టబడిన ఒక సహోదరుడు ఉన్నాడని ప్రభువు చూపిస్తున్నాడన్నారు. విక్టర్ అన్న ఈయన్ని చూశారు. ఈయన తల దించుకున్నారు. విక్టర్ అన్న భుజం పట్టి లేపారు.

స్టేజీ మీద పాస్టరు ఈయన గొంతు మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తర్వాత తన వెంటే పలకమన్నారు. స్తోత్రం యేసయ్యా. యేసయ్యా నీవే నా వైద్యుడవు. ఈయన పలికారు. ఎక్కడా ఆగలేదు. హాలంతా లేచి నిలబడింది. పక్కామె నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. పాట పాడేటప్పుడు ఆయనకు నత్తి ఎప్పుడూ లేదు. పదిమందితో కలిసి ప్రార్థన చెప్పేటప్పుడూ లేదు. ఈ మాట ఆయనతో అనలేదు. ఏమో, నిజమేనేమో. దేవుడు చేయలేడని నేనెవర్ని అనడానికి?

జూన్ 25, మంగళవారం

ఆటో అతనికి అడ్రసు గడగడా చెప్పారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే ఆయన కళ్లు చూడాలి.

జూన్ 27, గురువారం

మళ్లీ వచ్చింది. కొట్లో పాల పాకెట్ అడుగుతుండగా.

జూలై 3, బుధవారం

పాస్టర్ రెజినాల్డ్ మా ఇంటికి వచ్చారు. అంత పెద్ద మనిషి మా మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చారు. వెంట విక్టర్ అన్న. కాఫీ ఇచ్చాను. ప్రేమగానే మాట్లాడారు, అబద్ధం చెప్పకూడదు.

పద్నాలుగో తేదీన, నత్తి పోయిందని ఈయన చర్చిలో సాక్ష్యం చెప్పాలట. లైవ్‌లో వస్తుందట. నత్తి తిరిగి వచ్చిందని ఈయన కష్టపడి చెప్పారు. అందుకు పాస్టరు చిరునవ్వు నవ్వారు. వచ్చింది నత్తి కాదట, అనుమానమట. స్వస్థత జరిగిపోయిందట, కనిపించేది అబద్ధమట. జరిగిందని నోటితో ఒప్పుకుంటే ఒళ్లు దాని వెంట నడుస్తుందట.

నేను వంటింటి గుమ్మంలోంచి అడిగాను. "అయ్యా, పౌలు శరీరంలోని ముల్లు దేవుడు తీయలేదు కదా. మూడుసార్లు బతిమాలినా తీయలేదు. మరి ఆయనకి విశ్వాసం చాలలేదంటారా?"

విక్టర్ అన్న గతుక్కుమన్నారు. పాస్టరు నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "సిస్టర్, మీ భర్త విశ్వాసానికి ఈ ఇంట్లో అడ్డం ఎవరో నాకిప్పుడు అర్థమైంది."

అడిగినదానికి జవాబు మాత్రం చెప్పలేదు.

జూలై 6, శనివారం

ఆ చర్చిలో జెనిషాను కీబోర్డు టీములోకి తీసుకున్నారు. రోజూ ప్రాక్టీసు. నేను నాన్నను చెడగొడుతున్నానని అంటోంది. నాన్న రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరి సొమ్ము పోయిందట?

ఆయన సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. నేనూ అడగలేదు. సాక్ష్యం ఆయనది. నేను తోస్తే అది నాదవుతుంది.

జూలై 10, బుధవారం

స్నానాల గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. చదువుతున్నట్టు కాదు, పాడుతున్నట్టు కాదు. రెంటికీ మధ్యలో, ఊయల ఊగినట్టు. "ప్రభువు నా నాలుకను ముట్టెను, నా కట్లు తెగిపోయెను." ఎక్కడా తడబడలేదు.

ఆయన చేయగలరు. అదే నా భయం. అలా సాగదీసి చెబితే హాలంతా నమ్ముతుంది. యాభై ఏళ్ల మనిషి. బళ్లో వెక్కిరించారు, పెళ్లిచూపుల్లో మా మేనమామ వెక్కిరించాడు, ఇప్పుడు ఆఫీసులో పేరే మార్చేశారు. అంతమంది ముందు ఒక్కసారి గలగలా మాట్లాడే అవకాశం ఎవరైనా ఇస్తే వద్దనడానికి ఎంత బలం కావాలి?

నేనైతే వద్దంటానా? తెలియదు.

జూలై 14, ఆదివారం. సాయంత్రం

వరసగా రాస్తాను. ఏదీ మర్చిపోకూడదు.

తెల్ల చొక్కా వేసుకున్నారు. జెనిషా ముందే వెళ్లి స్టేజీ పక్కన కీబోర్డు దగ్గర ఉంది. నేను మూడో వరసలో. పాటలయ్యాక పాస్టర్ రెజినాల్డ్ ఈయన్ని పిలిచి, చేతిలో మైక్ పెట్టి, భుజం తట్టి పక్కకు జరిగారు. స్క్రీన్ల మీద ఆయన మొహం. ఇంటి గోడంత ఉంది.

ఆయన మైక్ నోటి దగ్గర పెట్టుకున్నారు. నేను ఆ ఊయల రాగం కోసం ఎదురుచూశాను.

"నా పే... నా పేరు క్రి... క్రి..."

ఆగిపోయారు. ముందు వరసలో ఎవరో గట్టిగా యేసయ్యా అన్నారు. ఆయన కళ్లు మూసుకుని, రాగం తీయకుండా, మామూలుగా, మా ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మొదలుపెట్టారు.

"క్రిస్తుదాస్. నాకు న... నత్తి. పోలేదు. మీరు ప్రేమతో ప్రా... ప్రార్థించారు, దానికి వందనాలు. కానీ పోలేదు. పోయిందని యే... యేసు పేరు మీద నేను అ... అబద్ధం చెప్పలేను."

పాస్టరు నవ్వుతూనే దగ్గరికొచ్చి మైక్ కోసం చెయ్యి చాపారు. ఈయన ఇవ్వలేదు. మైక్ ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలియదు. డ్రమ్స్ అతను చిన్నగా వాయించడం మొదలుపెట్టాడు, ఇంక చాలన్నట్టు. ఈయన మైక్ కింద పెట్టి, ఉత్త గొంతుతో, వెనక వరసల దాకా వినబడేలా అరిచి చెప్పారు. అరిస్తే నత్తి ఇంకా ఎక్కువవుతుంది ఆయనకు. అయినా అరిచారు.

"నా పాపం కో... కోసం ఆయన చచ్చి లేచాడు. అది ని... నిజం. నత్తి ఉన్నా అది ని... నిజమే. నా సా... సాక్ష్యం ఇంతే."

దిగి వచ్చారు. మెట్ల దగ్గర కాలు తడబడింది. అప్పుడు ఒక చెయ్యి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. జెనిషా. కీబోర్డు వదిలేసి వచ్చింది. స్క్రీన్ మీద అప్పటికే పాట మాటలు వేసేశారు. తండ్రీకూతుళ్లు నడవలో నడుచుకుంటూ వస్తుంటే నేను లేచి వాళ్ల వెనక నడిచాను. తల ఎత్తుకుని నడిచాను. పెళ్లి రోజున కూడా అంత ఎత్తుకోలేదు.

బయట పార్కింగులో ఆయన నీళ్లు అడిగారు. తాగి, చొక్కా అంతా తడిసిపోయిందన్నారు. జెనిషా ఏడుస్తూ నవ్వింది.

జూలై 16, మంగళవారం

విక్టర్ అన్న పలకరించడం లేదట. జెనిషాను గ్రూపులోంచి తీసేశారు. అన్నం తినలేదు, కానీ నాన్నను ఒక్క మాట అనలేదు.

ఆఫీసులో ఆయన పేరు మళ్లీ క్రిస్తుదాస్ అని సరిచేయించుకున్నారు. ఇది ఆయన చెప్పలేదు. కొత్త ఐడీ కార్డు చూసి నేనే కనిపెట్టాను.

జూలై 28, ఆదివారం

ఇంకో చర్చి. వాక్యం సరిగ్గా ఉంది. పాపం, శిలువ, కృప, ఎక్కడా పంటికి రాయి తగల్లేదు. ఇదే మన ఇల్లు అనుకుంటుండగా పాస్టరుకి మేమెవరమో ఎవరో చెప్పారు. ఆ లైవ్ ఊరంతా చూసినట్టుంది.

పాస్టరు ప్రసంగ వేదిక మీది నుంచే ఈయన్ని వేలు పెట్టి చూపించి మెచ్చుకున్నారు. తర్వాత పెద్ద చర్చివాళ్లను మొదలుపెట్టారు. గొర్రెల మంద కాదట, సర్కస్ కంపెనీ అట. జనం నవ్వారు. ఇంకా చెప్పారు. ఇంకా నవ్వారు. నేనూ ఒకసారి నవ్వాను.

బయటికి రాగానే ఈయన అన్నారు, "ఇ... ఇక్కడికి వద్దు."

సిద్ధాంతం బాగానే ఉంది కదా అన్నాను. అలిసిపోయాను కూడా.

"బాగుంది. కానీ విక్టర్ అన్న మనకి ఇ... ఇల్లు వెతికిపెట్టాడు. వాళ్ల మీద విసరడానికి నే... నేను రాయిని కాను."

ఉపదేశి కూతుర్ని నేను. ప్రసంగమంతా పంటి కింద పెట్టి చూశాను, దీన్ని చూడలేదు. ఆయన చూశారు. దేవుడు ఈ మనిషిని నాకు ఇచ్చినందుకు మా మేనమామ వెక్కిరింతలన్నీ క్షమించేశాను.

ఆగస్టు 11, ఆదివారం

బేకరీ మేడ మీద ఒక హాలు. కింద నుంచి వెన్న బిస్కెట్ల వాసన. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక హార్మోనియం, అదీ శ్రుతి తప్పింది. జెనిషా చెవులు మూసుకోబోయి ఆగింది.

పాస్టర్ అరుమైనాయగం సన్నగా, పొడుగ్గా ఉన్నారు. స్టేజీ లేదు. యోహాను సువార్త మొదటి నుంచి వరసగా చెబుతున్నారట, ఇవాళ యేసు చూపిచ్చిన పుట్టుగుడ్డివాడి అధ్యాయం వచ్చింది. ఆయన చెబుతుంటే అందరూ బైబిలు తెరిచే ఉంచారు. ఆయనా మూయలేదు. చివర్లో ఒక మాటన్నారు, ప్రతి రోగమూ మనకేదో పాఠం నేర్పడానికే దేవుడు పంపుతాడని.

ప్రసంగం అయ్యాక ప్రశ్నలుంటే అడగమన్నారు. చర్చిలో ప్రశ్నలు! నేను జెనిషా మొహం చూశాను. ఇంతలో నా పక్క కుర్చీ కదిలింది. ఈయన లేచారు.

చాలాసేపు పట్టింది. ప్రతి రోగమూ పాఠం కోసమే అని ఈ అధ్యాయంలో ఎక్కడుందని అడగబోయారు. "పాఠం" దగ్గర తగులుకున్నారు. పా, పా, పా. మా ముందు కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఎవరో ఒకరు మాట అందిస్తారని నేను గట్టిగా ఊపిరి పట్టాను. పాస్టరు పెదవి కదపలేదు. అలా చూస్తూ నిలబడ్డారు, తొందరేమీ లేనట్టు. ఈయన ప్రశ్న ఈయనే పూర్తి చేశారు.

పాస్టరు పేజీ చూశారు. మళ్లీ చూశారు. "మంచి ప్రశ్న, బ్రదర్. ఇప్పుడే జవాబు చెప్పను. వచ్చే వారం చెప్తాను," అన్నారు.

తప్పించుకున్నారనుకున్నాను.

ఆగస్టు 18, ఆదివారం

తప్పించుకోలేదు.

ప్రసంగం మొదలుపెట్టకముందే పాస్టరు అన్నారు. "పోయిన వారం వాక్యంలో లేని మాట నేను కలిపి చెప్పాను. ఆ మనిషి గుడ్డితనంలో దేవుని పని కనిపించాలని ప్రభువు అన్నాడు. ప్రతి రోగానికీ ఒక పాఠం ఉంటుందని అనలేదు. అది నా మాట. నా మాట తీసేయండి, ఆయన మాట ఉంచుకోండి. అడిగిన సహోదరుడికి నా వందనం."

అంతే. ఆ తర్వాత పదో అధ్యాయంలోకి వెళ్లిపోయారు.

ఇన్ని వారాలు తప్పు చెప్పని పాస్టరు కోసం వెతికాను. తప్పు చెప్పి, ఆ తప్పును అందరి ముందూ బైబిలు కింద పెట్టే పాస్టరు దొరుకుతాడని అనుకోలేదు.

సెప్టెంబరు 7, శనివారం

సంఘ పెద్దలు ఇద్దరు, పాస్టరు, మా ఇంటికి వచ్చారు. సభ్యులుగా చేర్చుకోమని మేమే అడిగాం. తొందరపడొద్దన్నారు. మేమేం నమ్ముతున్నామో విన్నారు. త్రియేక దేవుని గురించి, రక్షణ గురించి, ప్రభువు బల్ల గురించి. ఈయన వంతు వచ్చినప్పుడు కాఫీలు రెండుసార్లు పోయాల్సి వచ్చింది. ఒక్కరూ గడియారం చూడలేదు.

తర్వాత మమ్మల్నీ అడగమన్నారు. పాస్టరు దారి తప్పితే ఆయన్ని ఎవరు సరిచేస్తారని నేను సూటిగా అడిగాను. పాస్టరు పక్కనున్న పెద్దాయన, రైల్వేలో రిటైరైన సామిదాస్ తాత, చెయ్యెత్తారు. కిందటేడు ఒకసారి సరిచేశామని, పాస్టరు మూడు రోజులు అలిగి నాలుగో రోజు ఒప్పుకున్నారని చెప్పారు. పాస్టరు మూడు కాదు, రెండేనన్నారు.

జెనిషా అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఉన్నట్టుండి అడిగింది. "పెద్ద చర్చిలో నా ఫ్రెండ్స్ ఉన్నారు. వాళ్లు విశ్వాసులు కారా?"

పాస్టరు జెనిషా వైపు తిరిగారు. "నీ ఫ్రెండ్స్ యేసును నమ్మి ఉంటే వాళ్లు ఆయనవాళ్లే, అమ్మా. అక్కడ చెప్పే ఆ బోధ మాత్రం తప్పు. రెండూ నిజమే. వాళ్లతో స్నేహం మానకు."

జెనిషా వచ్చి కుర్చీలో కూర్చుంది. కాసేపటికి, ఆ హార్మోనియం ఎవరు బాగుచేయిస్తారని అడిగింది.

సెప్టెంబరు 29, ఆదివారం

చేరాం. ముగ్గురం. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాం. ఆ తర్వాత కింద బేకరీ నుంచి తెప్పించిన బన్నులు, టీ. ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి చెబితే, గంట ఉందా అని అడిగింది. లేదన్నాను. వాక్యం ఉందా అంది. ఉందన్నాను. అయితే సరేనంది.

అక్టోబరు 13, ఆదివారం

ఇవాళ చర్చిలో బైబిలు పాఠం చదివే వంతు ఈయనకిచ్చారు. చిన్న భాగం ఇస్తామన్నారట, ఈయనే వద్దని మొత్తం అధ్యాయం అడిగారట.

మధ్యలో ఒక మాట దగ్గర గట్టిగా తగులుకున్నారు. నేను తలెత్తి చుట్టూ చూశాను. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ తమ తమ బైబిళ్లలో ఆ మాట మీద వేలు పెట్టుకుని ఉన్నారు. సామిదాస్ తాత, పాస్టరు, హార్మోనియం దగ్గర జెనిషా. ఎవరి వేలూ ముందుకు కదల్లేదు.

తర్వాత కదిలాయి, అన్నీ ఒకేసారి.